తల్లిని చూడని బేరము

మహాభారతమున ఆదిపర్వమునందు ఒక కుక్కపిల్ల కథ కలదు. జనమేజయుని యజ్ఞస్థలమునకు వచ్చిన సారమేయుని రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. ఆ పిల్ల యేడ్చుచు పోయి తల్లియగు సరమతో చెప్పగా, ఆమె నేరుగా రాజునొద్దకే వచ్చి, ఏ పాపము నెఱుగని నా బిడ్డనేల కొట్టితిరని నిలదీసెను. ఎవరును బదులు చెప్పలేదు. ఊహింపని భయము మిమ్ము చేరునని పలికి యామె వెడలిపోయెను. ఇరువదియేండ్లుగా ఈ కథను పిల్లలకు చెప్పుచున్నాను. దాని యర్థము నాకు మూడేండ్ల క్రిందట మాత్రమే బోధపడినది.

ఆ యేడు మా కుమార్తె కోరగా ఒక జాతికుక్కపిల్లను కొంటిని. సెల్‌ఫోనులో బొమ్మ చూచితిని, ధర కుదిరినది, అమ్మువాడు బస్సు నిలుచు చోటికే బుట్టలో పెట్టి తెచ్చి యిచ్చెను. దానితో ఒక చిన్న పుస్తకమును చేతికిచ్చెను. అందు వయస్సు ఎనిమిది వారములనియు, టీకా వేసితిమనియు వ్రాసి, క్రింద ముద్రయు కొట్టియుండెను. నాలుగవనాడు పిల్ల మేత మానెను, వాంతులయ్యెను, నెత్తురు విరేచనములు పట్టుకొనెను. పశువైద్యుడు నోరు తెఱచి పండ్లు చూచి, "దీనికి ఐదు వారములు మించవు, ఇది పార్వో" అనెను. ఆ రాత్రియే అది చచ్చిపోయెను. "దాని తల్లి యెక్కడ నున్నది నాన్నా?" అని మా పిల్ల అడిగినది. నేను చెప్పలేకపోతిని. చూచియుండిన గదా చెప్పుటకు!

తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బఱ్ఱెను అని మనవారి సామెత. అక్షరము రాని రైతు సంతలో ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించును, సుడులు చూచును, నడిపించును, కాడి కట్టి చూచును. పట్టములు పొందిన మనమో, ప్రాణముగల జంతువును బొమ్మ చూచి కొనుచున్నాము. పొగను చూచి నిప్పును ఊహింపవలయునని పిల్లలకు నేర్పు నేను, ముద్రను చూచి ఆరోగ్యమును ఊహించితిని. మోసము చేసినవానికెంత పాపమో, పరీక్షింపని నాకును అంత కలదు.

చట్టము లేదా యందురేమో. కలదు. కుక్కల పెంపకమును, అమ్మకమును గూర్చి 2017వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. పెంచి అమ్మువాడు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు నమోదు కావలయును; ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు; ఏటికొక యీతకు మించి తల్లిచే ఈనింపరాదు. కాని జంతుహింసానివారణమునకై 1960లో చేసిన మూలచట్టము, మొదటిసారి హింసించినవానికి విధించిన జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయల వరకే. పిల్లనొక్కటికి వేలు పుచ్చుకొనువాడు దీనికి జంకునా?

వైద్యుని కాగితమొకటి యున్న చాలునా? చాలదు. ఆ కాగితము అమ్మువాడు తెచ్చినదైనచో అది బేరములో భాగమేగాని పరీక్ష కాదు. పార్వో సోకిన పిమ్మట, సాధారణముగా మూడు మొదలు ఏడు దినముల వరకు పైకి గుఱుతు కానరాదు. నేడు గంతులు వేయు పిల్ల ఎల్లుండి కూలిపోవచ్చును. ఆ విషక్రిమి నేలలో నెలలతరబడి జీవించును. కాబట్టి ఒక పిల్ల చచ్చిన దొడ్డిలో మఱియొక యీతను పెంచుట తెలిసి చేయు హత్య. ఆల్సేషియను, లాబ్రడారు జాతులకు వంశానుగతముగా వచ్చు తుంటికీలు లోపము ఎనిమిది వారముల పిల్లలో కనబడదు. దానిని తల్లిదండ్రుల ఎక్స్‌రేలలో వెదకవలయును. పగ్గు కుక్క గురకను ముద్దని చెప్పి అమ్ముదురు. అది ముక్కు అణచి పెంచిన జాతికి ఊపిరి చాలకపోవుట. పిల్లకు చేయు పరీక్ష సగమే. తక్కిన సగము తల్లియు, అది పడియుండు బోనును.

ఇంగ్లండులో 2020 ఏప్రిలు మొదలుకొని ఆఱు నెలలు నిండని కుక్కపిల్లలను దళారులు అమ్మరాదని శాసించిరి. కొనువాడు పెంచినవానియొద్దకే పోయి, తల్లితో కూడ పిల్లను చూడవలయునని దాని తాత్పర్యము. మన సామెతకు వారు చట్టము చేసిరి. మనము సామెతగానే ఉంచుకొంటిమి.

మనుష్యులకే మందులు లేనిచోట కుక్కలకీ వైభవమేమని కొందఱు ఆక్షేపింతురు. వారు వినవలయును. ఏలికపాములు కడుపులోనుండగనే తల్లినుండి పిల్లకు చేరును. ఆ పిల్ల మలములోని గ్రుడ్లు మన బిడ్డల నోటబడినచో పురుగు కాలేయమునకు, ఒక్కొక్కప్పుడు కంటికిని ప్రాకును. కుక్కకు చేయు పరీక్ష బిడ్డకు చేయు రక్షయే. మీ యింటి మేతచేతనే చచ్చినదని అమ్మువారందురు. అట్లయిన అమ్మిననాడే పరీక్ష జరిగిన వ్రాత వారికే రక్ష గదా! నిజాయతీగల పెంపకందారుడు దీనికి వెఱవ నక్కఱలేదు. ఖర్చందురా? పిల్లకు పోసిన ధరలో వైద్యుని రుసుము ఎన్నవవంతు?

కాబట్టి కొనువారికి నా విన్నపము. తల్లిని, అదియున్న చోటును కన్నులార చూడనిదే బేరమాడకుడు. మీరెన్నుకొన్న వైద్యుడు పిల్లను పరీక్షించి, పండ్లు చూచి వయస్సు నిర్ణయించి, గుండె విని, మలము పరీక్షించి వ్రాసి యిచ్చు వరకు పూర్తి ధనము చెల్లింపకుడు. పది దినములలో రోగము బయటపడినచో సొమ్ము తిరిగి యిత్తునని కాగితముమీద వ్రాయించుకొనుడు. అందులకు ఒప్పుకొననివానిని విడిచి లేచి రండు. ప్రభుత్వము జరిమానాను నేరమునకు తగినట్లు పెంచవలయును. కాని అంతవరకు మన చేతిలోని డబ్బే చట్టము.

నాటి సరమకు రాజసభ తలుపు తెఱచియుండెను. నేటి సరమ బోనులో ఈనుచున్నది. దాని మొఱ వినుటకు మనము తప్ప వేఱు సభ లేదు.