సేవయు స్నేహమును

ఒకడు మరణించిన పిమ్మట వాడేమి విడిచిపోయెనని లోకము విచారించును. పొలమెంత, ధనమెంత యని లెక్కించుట వాడుక. క్రైస్తవ సేవకుని ఆస్తిని కొలుచుటకు ఈ కొలత చాలదని మా అభిప్రాయము. ఇందుకు నిదర్శనము నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలులోనే కలదు.

1874లో తిరునల్వేలి సీమలో జన్మించిన వి. యస్. అజరయ్యగారు, అచ్చటి భారతీయ క్రైస్తవులు 1903లో స్థాపించుకొనిన మిషనరీ సంఘము పక్షమున 1909లో డోర్నకలునకు వచ్చిరి. వారి మాతృభాష అరవము. మనకు బోధకులగుటకు ముందు వారు మన భాషకు విద్యార్థులైరి.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశ మిషనరీల త్యాగమును కొనియాడుచునే, భారతీయులకు కావలసినది వారి స్నేహమని అజరయ్యగారు నిర్భయముగా పలికిరి. ఆ మాట కొందరికి రుచింపలేదు. 1912 డిసెంబరు 29న వారు కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున బిషప్పయిన మొదటి భారతీయులైరి. అంతట, పరులనడిగిన స్నేహమును తామే చూపవలసిన వంతు వచ్చెను. అంటరానివారని లోకము త్రోసివేసిన మాల మాదిగ వాడలలోనే వారి సేవ విశేషముగా సాగెను. ఆ సంఘముల స్త్రీలు వంట బియ్యమునుండి పిడికెడు తీసి దేవునికై వేరుగా నుంచిరి. పుచ్చుకొనువారని యెంచబడినవారే ఇచ్చువారైరి.

1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ దేవాలయమును చూచి అందరును ఆనందింతురు. కాని ఆ పిడికెడు బియ్యమే అంతకంటె గొప్ప ఆస్తి యని మేము తలంచుచున్నాము. వారు పాటుపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ రూపమున సిద్ధించెను. 1945 జనవరి 1ననే గతించిన వారు దానిని కన్నులార చూడలేదు. విత్తువాడు కోతను చూడకపోవుట సేవకు లోపము కాదు.

విద్యార్థులారా, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలనుండి వచ్చి మిషను బడులలో చదివి, పట్టణములలో ఉద్యోగములు పొందినవారనేకులు. క్రిస్మసునకు ఊరికి వచ్చి దుప్పట్లు పంచి, ఛాయాచిత్రము తీయించుకొని, వాడలో పూట భోజనమైన చేయక మరలిపోయినచో అది దానమగునే గాని స్నేహము కాదు. దుప్పటి కొన్నియేండ్లకు చినుగును. ప్రక్కన కూర్చుండి బిడ్డకు అక్షరములు దిద్దించిన చేయి ఆ యింట తరతరములు నిలుచును. మనము పోయిన పిమ్మట మన ఊరివారు మనలను దాతయని తలంతురా, మావాడని తలంతురా? ఈ ప్రశ్నకు ఇప్పటినుండియే మన నడతచే ఉత్తరము వ్రాయుదము.