పండుగ మూడునాళ్ళు, పిండివంటల డబ్బా ముప్పది నాళ్ళు

సంక్రాంతి సమీపించగానే వైద్యుని యొద్దకు ఏటేట ఒకే ప్రశ్న వచ్చును: "పిండివంటలు తినవచ్చునా?" పండుగ వెళ్ళిన నెలకు రెండవ ప్రశ్న వచ్చును: "ఒళ్ళు వచ్చినది, తగ్గుటకు ఏదైన చూర్ణము కలదా?" ఆరోగ్యవంతులకు మొదటి ప్రశ్నకు నా సమాధానము, నిరభ్యంతరముగా తినవచ్చుననియే. రెండవ దానికి సమాధానము చూర్ణములో లేదు. వంటింటి అలమారులోని డబ్బాలో ఉన్నది.

పండుగ భోజనమును నిందించుట నేడు ఒక అలవాటయినది. ఈ నింద అన్యాయము. మకర సంక్రమణము పుష్యమాసమున వచ్చును. మార్గశిర పుష్యములు హేమంత ఋతువు. వెలుపలి చలివలన దేహోష్మ లోపలనే నిలిచి జఠరాగ్ని బలముగా నుండుననియు, అప్పుడు క్రొత్త బియ్యము, బెల్లము మొదలగు చెరకు పదార్థములు, పాలు, పెరుగు, నూనె, వేడినీరు హితములనియు చరకసంహిత సూత్రస్థానము ఆరవ అధ్యాయమున కలదు. అరిసెను చూడుడు. పంట ఇంటికి వచ్చిన వేళ బియ్యపుపిండి, బెల్లపు పాకము, నువ్వులు, నూనె లేక నెయ్యి. తెలంగాణమున చేయు సకినాలలో నువ్వులతోపాటు దీపనమైన వాము కూడ చేరును. మన పెద్దలు ఋతువెరిగియే వంట నిర్ణయించిరి.

మరి దోషమెచట? మూడు మార్పులు జరిగినవి. మొదటిది శ్రమ పోయినది. తడిబియ్యమును రోట పోసి ఇద్దరు స్త్రీలు మార్చి మార్చి రోకలి పోటు వేసిన కాలమున పిండివంట తినుటకు ముందే సగము ఖర్చయ్యెడిది. నేడు పిండి మరలో వచ్చును, లేదా వంటయే దుకాణమునుండి వచ్చును. తిండి నిలిచినది, పని తొలగినది.

రెండవది వేళ పోయినది. పిష్టమయములు, అనగా పిండితో చేసిన గురుపదార్థములు, భోజనము చేసినవాడు పైన తినరాదనియు, ఆకలిగొన్నవాడు మితముగా తినవలెననియు చరకుడు మాత్రాశితీయాధ్యాయమున స్పష్టముగ శాసించెను. మనము చేయునదేమి? మధ్యాహ్నము పులిహోర, బూరెలు, గారెలతో భోజనము; నాలుగింటికి కాఫీతో జంతికలు; బంధువులు వచ్చిన ప్రతిసారి వారితోపాటు మరొక అరిసె; రాత్రి టీవీ ముందు గవ్వలు. తిన్నది అరుగక మునుపే మరల తినుటను అధ్యశనమందురు. బరువునకు, అజీర్తికి ఇదియే రాజమార్గము.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, అవధి పోయినది. భోగి, సంక్రాంతి, కనుమ గడచును. కాని డబ్బా మాఘమాసమంతయు నుండును. చలికాలమున సంచితమైన కఫము వసంతపు ఎండకు కరగి అగ్నిని మందగింపజేయును. హేమంతమునకై చేసిన తిండిని అగ్ని తగ్గుచున్న కాలమున కూడ కొనసాగించిన, ఔషధము వంటి ఆహారమే అపథ్యమగును.

ఈ మాటకు ఆధునిక పరిశోధన కూడ తోడ్పడుచున్నది. అమెరికాలో 195 మంది వయోజనులను పరిశీలించి 2000 సంవత్సరమున ప్రకటించిన ఒక అధ్యయనమున, నవంబరు నుండి జనవరి వరకు సాగు అచటి పండుగల కాలమున సగటున పెరిగిన బరువు 0.37 కిలో మాత్రమే. "ఇంతేనా" అందుము. కాని ఆ పెరిగినది తరువాతి వసంత, గ్రీష్మములలో తగ్గలేదు. ఏటేట అట్లే నిలిచినచో పది సంవత్సరములకు మూడున్నర కిలోలు దాటును. లావు ఒక్క పండుగలో రాదు. తగ్గని పండుగల మొత్తమే లావు. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వేక్షణ ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరి. పెద్దవారిలో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి పొట్ట చుట్టు కొవ్వున్నది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని మనవారికి నిర్ణయించిన హద్దు. పండుగకు ముందొకసారి, తరువాతొకసారి కొలుచుకొనుడు. టేపు అబద్ధమాడదు.

ఈ విషయమున ఎక్కువ నష్టపోవునది గృహిణి. పొయ్యి వద్ద పొగకు ఆకలి చచ్చి వేళకు భోజనము చేయదు. అందరు తిన్న పిమ్మట, పిల్లలు హాస్టళ్ళకు మరలిన పిమ్మట, విరిగిన అరిసెలు, మిగిలిన కారప్పూస పారవేయ మనసొప్పక తానే ముగించును. అన్నము పరబ్రహ్మమే, సందేహము లేదు. కాని ఆకలి లేని కడుపులో వేయుట కూడ పారవేయుటయే. ఆకలిగొన్న వానికి పెట్టినప్పుడే అది సార్థకము. చేయునపుడే సగము చేయుడు. కనుమ మరునాడే పనివారికి, ఇరుగుపొరుగువారికి పంచుడు. వారము దినములలో డబ్బా కడిగి బోర్లించుడు.

పండుగనాళ్ళలో పాటింపదగినవి కొన్ని:

పిండివంటను భోజనములో భాగముగా, మొదటనే, మధ్యాహ్నముననే తినుడు. ఆ మేరకు అన్నము తగ్గింపుడు. గురుపదార్థము సగము తృప్తికే ఆపవలెను. వాగ్భటుడు కడుపును నాలుగు భాగములు చేసి రెండు అన్నమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాయువునకు విడువుమనెను.

భోజనము నడుమ కొద్దికొద్దిగా గోరువెచ్చని నీరు త్రాగుడు. చివర చెంబెడు నీరు త్రాగుట స్థూలత్వమునకు కారణమని వాగ్భటుని మతము.

పగటినిద్ర మానుడు, నూరడుగులు నడువుడు. పతంగులెగురవేయు పిల్లలతో మేడపైకి ఎక్కిన మరింత మేలు.

రాత్రి ఆకలియైననే తినుడు. పెసరకట్టు, మిరియాల చారు, లేదా శొంఠి, జీలకర్ర కలిపిన పలుచని మజ్జిగతో కొద్దిపాటి అన్నము చాలును. ఆకలి లేనిచో ఆ పూట లంఘనమే ఔషధము. అయితే మధుమేహమునకు మందులు వాడువారు, గర్భిణులు, వృద్ధులు పస్తుండరాదు.

మధుమేహులకు ఒక హెచ్చరిక. "చక్కెర కాదు, బెల్లమే గదా" అను మాట ప్రమాదకరము. బెల్లము కూడ రక్తములో చక్కెరను పెంచును. ఒక అరిసె తిని దానికి బదులుగ మాత్ర పెంచుట, లేదా ఒక పూట మాత్ర మానుట స్వయముగా చేయరాదు. ఈ నిర్ణయము మీ వైద్యునిది.

ఇక పది దినములలో కొవ్వు కరగించునను చూర్ణముల ప్రకటనలు. కారణమును వదలుటయే చికిత్సలో మొదటి మెట్టని సుశ్రుతుడు చెప్పెను. డబ్బా తెరచి యుంచి చూర్ణము మింగుట, కుండకు చిల్లి యుంచి నీరు పోయుట వంటిది. ఆయుర్వేదము పేరుతో అమ్మునదంతయు ఆయుర్వేదము కాదు.

పండుగనాడు కడుపునకు, మనసునకు తృప్తిగా తినుడు, పదిమందికి పెట్టుడు. నాలుగవ నాడు మరల చారన్నమునకు, కూరగాయలకు రండు. ఎప్పుడు తినవలెనో ఎరుగుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపవలెనో ఎరుగుట అంతకంటె ముఖ్యము.