గోడ కాలదు, గోడకు అంటించింది కాలుతుంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణ ప్రజలకు, భవన యజమానులకు, మున్సిపల్ అధికారులకు విజ్ఞప్తి



2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోతే రాష్ట్రమంతా మన ఊరి పేరు మారుమోగింది. మర్నాడే డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు. కాలినవి కాగితాలు. అదే మంట కుటుంబాలు నిద్రపోతున్న మూడంతస్తుల ఇంటికి అంటుకుంటే మన గతేంటి? ఈ కరపత్రం అడుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే.

మనవాళ్లు తరతరాలుగా కట్టుకున్నవి రాతి గోడలు, ఇటుక గోడలు, పైన సిమెంటు పూత. అవి కాలవు. కానీ ఇప్పుడు మూడు ఊళ్లలో ఏ బస్టాండు దగ్గర నిలబడి చూసినా కింద షాపు, పైన ఇళ్లు, ముందువైపు షట్టరు మీద నుంచి పిట్టగోడ దాకా తళతళలాడే ఏసీపీ షీట్లు కనిపిస్తాయి. దానికి ‘ఎలివేషన్’ అని పేరు. రంగు నచ్చిందా, రేటు కుదిరిందా అని అడుగుతున్నాం. కాలుతుందా అని మాత్రం అడగడం లేదు.

పని అయ్యాక ఫాబ్రికేషన్ వాళ్లు వదిలేసిన షీటు ముక్క ఒకటి తీసుకుని దాని అంచు చూడండి. అటూ ఇటూ అర మిల్లీమీటరు మించని అల్యూమినియం రేకు, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్. చవక రకంలో ఆ ప్లాస్టిక్ పాలిథిలీన్, అంటే క్యారీబ్యాగులు చేసేదే. మంట తగిలితే కరుగుతుంది, బొట్లు బొట్లుగా మండుతూ కిందికి రాలుతుంది. షీటును ఇనుప ఫ్రేము మీద బిగిస్తారు కాబట్టి దానికీ గోడకూ మధ్య సందు మిగులుతుంది. ఆ సందు పొగగొట్టంలా పనిచేసి మంటను పైఅంతస్తుకు లాక్కుపోతుంది. బోర్డు లైట్ల వైర్లు, ఏసీ పైపులు, ఇంటర్నెట్ కేబుళ్లు కూడా చాలాచోట్ల ఆ సందులోంచే వెళ్తాయి.

దీని ఫలితం ప్రపంచం చూసింది. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు మరమ్మతుల్లో భాగంగా ఇలాంటి షీట్లే బిగించారు. 2017 జూన్ 14న నాలుగో అంతస్తు వంటగదిలోని ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట కిటికీ దాటి షీట్లకు అంటుకుని, సుమారు అరగంటలో 24 అంతస్తుల భవనం కొసకు చేరింది. 72 మంది చనిపోయారు. గల్ఫ్‌కు వెళ్లొచ్చిన మనవాళ్లకు దుబాయ్ టార్చ్ టవర్ తెలిసే ఉంటుంది. దాని బయటి గోడలు 2015లో ఒకసారి, 2017లో మరోసారి మండాయి.

“అవి ఆకాశహర్మ్యాలు, మనవి నాలుగంతస్తులేగా” అంటారు. మన తెలుగు నేల మీదే చూడండి. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ కింద నిల్వపెట్టిన రసాయన డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్‌లో కింద నగల షాపులు, పైన కాపురం ఉన్న ఇంట్లో 17 మంది ప్రాణాలు పోయాయి. వారిలో 8 మంది పిల్లలు. లోపలికీ బయటికీ ఉన్నది ఒక్కటే సన్నని దారి. ఈ రెండు చోట్లా ప్రాణాలు తీసినవి షీట్లు కావు. కానీ కింద వ్యాపారం, పైన కాపురం, దిగడానికి ఒకే మెట్ల దారి అనే కట్టడం మాత్రం అచ్చంగా మనదే. దాని ముందుభాగానికి మనం ప్లాస్టిక్ తొడుగుతున్నాం.

చట్టం లేదా అంటే ఉంది. కానీ మన రాష్ట్రంలో నివాస భవనం ఒక నిర్ణీత ఎత్తుకు చేరితేనే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ అవసరం. మన మూడు పట్టణాల్లో ఎక్కువ ఇళ్లు ఆ గీతకు దిగువనే ఉన్నాయి. జాతీయ భవన నియమావళి 2016 అద్దాల ముఖభాగాలకు ప్రతి అంతస్తు స్లాబు దగ్గరా సందులు మంట దాటకుండా మూసేయాలని చెబుతుంది. మన వీధిలో బిగించే షీట్ల వెనుక ఆ పని జరిగిందో లేదో చూసే నాథుడు లేడు.

కాబట్టి మేం కోరుతున్నవి ఇవి:

1. వార్డు సచివాలయాల ప్లానింగ్ కార్యదర్శులు తమ వార్డులో కింద షాపు, పైన ఇల్లు ఉండి ముందువైపు షీట్లు బిగించిన ప్రతి భవనాన్నీ జాబితాలో రాయాలి. ఆ జాబితా పట్టుకుని టౌన్ ప్లానింగ్, అగ్నిమాపక, విద్యుత్ సిబ్బంది కలిసి తనిఖీ చేయాలి.

2. తనిఖీ అంటే దూరం నుంచి ఫొటో తీయడం కాదు. ఒక షీటు విప్పి చూడాలి. మధ్య పదార్థం రంగు చూసి రకం తేల్చకూడదు; బిల్లు, కంపెనీ పరీక్ష నివేదిక అడగాలి, అవి లేకుంటే ముక్కను ల్యాబ్‌కు పంపాలి. వెనుక సందులో అంతస్తు అంతస్తుకూ రాతి ఉన్ని వంటి అడ్డు ఉందా, వైర్లు ఎలా వెళ్లాయి, కరెంటు మీటర్లు, మెట్ల కిటికీ షీట్లకు ఎంత దగ్గర ఉన్నాయో రాయాలి.

3. ప్రతి భవనానికీ మూడింటిలో ఒక తీర్పు ఇవ్వాలి: ఉంచవచ్చు, కొంత మార్చాలి, తీసేయాలి. అందరి షీట్లూ పీకేయమని మేం అనడం లేదు. చాలాచోట్ల షట్టరు పైన, మెట్ల చుట్టూ, మీటర్ల దగ్గర ఉన్న పట్టీ తీసేస్తే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఖర్చు యజమానిది. దాన్ని అద్దెలో కలిపి బాడుగవాళ్ల నెత్తిన వేయకుండా చూడాలి.

4. ఇకపై కట్టే ఇళ్ల ప్లానులో బయటి షీటు రకం రాయాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు, షాపు ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు దాన్ని సరిచూడాలి. ఎత్తుతో పని లేకుండా, పైన కాపురం ఉన్న ప్రతి భవనానికీ ఇది వర్తించాలి.

ఇంగ్లండ్ 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడలకు కాలే సామగ్రిని నిషేధించింది 2018 చివర్లో, అంటే 72 మందిని పోగొట్టుకున్నాక. అప్పటికే కట్టేసిన ఫ్లాట్లలో ఏది భద్రమో తేలక వేలమంది అమ్ముకోలేక, అప్పు పుట్టక ఏళ్లకేళ్లు నలిగారు. మన ఊళ్లలో షీట్లు బిగించిన భవనాలు ఇంకా లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఇప్పుడైతే పని చిన్నది, ఖర్చూ చిన్నది.

ఈలోగా ఎవరి ఇంట్లో వారు చేయగలిగింది చేయండి. మేడ మీది తలుపుకు తాళం వేయకండి. బాల్కనీ గ్రిల్‌లో లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఒకటి పెట్టించండి. మీటర్ల కింద స్కూటర్లు, అట్టపెట్టెలు ఉంచకండి. మంట కనబడితే ముందు జనాన్ని కిందికి దించి 101కు ఫోన్ చేయండి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి డాక్‌లో పేలుళ్లు, మంటలతో పోరాడి చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ర్యాలీలు తీస్తారు, మాక్ డ్రిల్లులు చేస్తారు. వచ్చే వారోత్సవాల నాటికి మూడు మున్సిపాలిటీలూ వార్డులవారీ జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టాలి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లినప్పుడు ఈ కరపత్రం వెనుక మీ వీధి పేరు, అలాంటి భవనాల సంఖ్య రాసి అర్జీగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక్క అర్జీని పక్కన పెట్టగలరు. వీధికొకటి చొప్పున వస్తే తనిఖీకి రాక తప్పదు.

ఇట్లు,
మీ తోటి పట్టణవాసులు