వెనుకబడిన పిల్లవానికే వేగము

ఉగాది వచ్చినదనిన మన సంఘవేదికపై ఒక తంతు తప్పక జరుగును. మార్కులు మెండుగా తెచ్చుకొన్న బాలబాలికలను పేరుపేరున పిలిచి, శాలువ కప్పి, జ్ఞాపిక చేతికిత్తుము. అందు తప్పు లేదు. కాని నాందేడు, లాతూరు పట్టణములు వైద్యకళాశాలల ప్రవేశపరీక్షలకు శిక్షణ నిచ్చుటలో పేరు పొందినవి. ఆ గాలి మన యిండ్లలోనికిని వీచినది. ముందున్నవానిని ఇంకను ముందునకు నెట్టుట, ఎనిమిదవ తరగతివానికి పదునొకండవ తరగతి పాఠము చెప్పుట, ఇదియే త్వరితశిక్షణ మని మనవారు నమ్ముచున్నారు. ఇది ఆ మాటను తలక్రిందులు చేయుట యని నా వాదము.

త్వరితశిక్షణము ఎవరి కొరకో తెలియగోరువారు రంగారెడ్డి జిల్లా వైపు చూడవలెను. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర వెలసిన సంస్థ 1991 మొదలుకొని అచట కూలిపనులలో మ్రగ్గుచున్న పిల్లలను విడిపించి శిబిరములలో చేర్చినది. పండ్రెండేండ్లవానిని ఒకటవ తరగతి పసివాండ్ర నడుమ కూర్చుండబెట్టినచో వాడు నిలుచునా? కావున వారికి కొలది కాలములో చదువు గట్టిగా నేర్పి, ఈడువారితో సమముగా తరగతిలో చేర్చిరి. ఆ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసేసే పురస్కారము లభించినది. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము సైతము బడికి దూరమైన పిల్లవానిని వయసునకు తగిన తరగతిలో చేర్చి, ప్రత్యేకశిక్షణ నియ్యవలెనని శాసించినది. వేగము ఎవరి హక్కో చట్టమే చెప్పినది గదా!

మన రాష్ట్రములోనే మరియొక నిదర్శనము కలదు. ముంబయిలో 'ప్రథమ్' సంస్థవారు మూడవ, నాలుగవ తరగతులలో చదువు సాగని పిల్లలను రోజున కొంతసేపు విడిగా తీసి, 'బాలసఖి' యను స్థానిక యువతిచేత చదివించిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు దానిని శాస్త్రీయముగా పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. అందరికంటె ఎక్కువ మేలు పొందినవారు అందరికంటె వెనుకనున్నవారే.

ఇక మన యింటి మాట. ఒక సంఘమువారి ఆదివారపు తెలుగు తరగతిలో నేను కూర్చుంటిని. ఐదేండ్లవాడు మొదలు పదునాలుగేండ్ల బాలిక వరకు అందరును ఒకే చాపపై 'అ, ఆ' వల్లించుచున్నారు. మూడవ యేడును అదే పుట! మరాఠీ మాధ్యమమున చదువు బాలుని మొగమున విసుగు. అమ్మమ్మతో గలగల తెలుగు మాటలాడు ఆంగ్ల మాధ్యమపు బాలిక మొగమున సిగ్గు. మూలనున్నవాడు నిజామాబాదు ప్రాంతమునుండి పనికి వచ్చిన దంపతుల కొడుకు. మరాఠీ రానందున బడిలో వానికి 'మందుడు' అని పేరు. ఇచట తెలుగు కథ తడుముకొనక చదువగలవాడు వాడొక్కడే. ఆ సంగతి ఎవరును అడుగలేదు.

మరాఠీ చదివిన పిల్లవానికి తెలుగు లిపి నేర్పుటకు ఏండ్లెందులకు? కచటతపల వరుస వానికి వచ్చును. మన గుణింతమే వాని బారాఖడి. హిందీవారికి నోరు తిరుగని 'ళ'కారము మరాఠీలో సహజముగా నున్నది. చ, జ లను రెండు విధములుగా పలుకుట కూడ రెండు భాషలకును సమానమే. వానికి క్రొత్తవి అక్షరముల రూపములు, ఎ-ఏ, ఒ-ఓ అను హ్రస్వదీర్ఘభేదము, ఒత్తులు. 'పుస్తకము' అను మాట చూడుడు. దేవనాగరిలో సకారము సగమై తకారము నిండుగా నిలుచును. మనకు సకారము నిండుగా నిలిచి తకారము ఒత్తై క్రిందికి దిగును. ఈ తిరకాసు నొకసారి విప్పి చెప్పినచో మిగిలినది అభ్యాసమే. ఇంటిలో తెలుగు వినుచు, బడిలో మరాఠీ చదువుచున్న పిల్లవానిని మూడేండ్లు ఓనమాలవద్ద కట్టివేయుట విద్య గాదు, శిక్ష. ఇంటిలో భాషయు వినబడని పిల్లవానికి దారి వేరు. వానికి ముందు మాట, పిదప అక్షరము.

ఇట్లు వేరు చేసిన పిల్లలు చిన్నబుచ్చుకొందురని కొందరి ఆక్షేపణ. పదునాలుగేండ్ల బాలికను ఐదేండ్లవాని ప్రక్కన కూర్చుండబెట్టినపుడు ఆ దయ ఎందు దాగినదో! అయినను భయము పూర్తిగా నిరాధారము గాదు. ఒకసారి విభజించి అట్లే వదలివేసిన గుంపు కులమువంటిదగును. నెలకొకసారి మరల చదివించి చూచి మార్చవలెను. మదనపల్లె వద్ద ఋషివ్యాలీవారు తమ పల్లెబడులలో పాఠమును మెట్లుగా విడదీసి, చీటీలపై వ్రాసి, ఎవరి మెట్టునుండి వారిని నడిపించిరి. ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో నడుపదగిన పద్ధతి యది. గదులు చాలవను సాకు అచట చెల్లలేదు.

1956 నవంబరు 1న నాందేడు హైదరాబాదు రాజ్యమునుండి బొంబాయి రాష్ట్రములో చేరినది. ఆ దినముననే మాతృభాషలో ప్రాథమికవిద్యను గూర్చిన 350-ఎ అధికరణము రాజ్యాంగమున చేరినది. దానిని ఉదాహరించి ప్రభుత్వమునకు మహజర్లు పంపుటలో మనము ఆరితేరినవారము. మన చాపమీది పిల్లవానికి ఏమి వచ్చునో కనుగొనుటకు ఏ మహజరు కావలెను?

విజయదశమికి ముందే ఒక్కొక్క బిడ్డను విడిగా పిలిచి కథయొక్క ఒక పుట చదివించుడు. రానిచో ఒక వాక్యము, అదియు రానిచో ఒక మాట, అదియు రానిచో ఒక అక్షరము. ఫలితమును కాగితముపై వ్రాసి కార్యవర్గము ముందుంచుడు. వచ్చు ఉగాదికి అదే కాగితము మరల తీసి, అక్షరమునుండి కథకు చేరిన బిడ్డ కొరకు ఒక శాలువ అట్టిపెట్టుడు. నిజామాబాదునుండి వచ్చిన ఆ బాలునికి మరాఠీ నేర్పు బాధ్యత ఈ యాదివారమే ఎవరైన తీసికొనుడు.