ఆ నేల ఎవరిది?

"పల్లెటూరి ఆడవాళ్లకు ఇలాంటి సినిమాలు బుర్రకెక్కవు. వాళ్లకు సందేశం ఉన్నవే వెయ్యాలి." స్వచ్ఛంద సంస్థల సమావేశాల్లో తరచూ వినపడే మాట ఇది. 'ఇలాంటి సినిమాలు' అంటే కథా, పాటా, వ్యాఖ్యానం లేకుండా నేలనూ నీటినీ ఆకాశాన్నీ నిలకడగా చూపే ప్రయోగాత్మక చిత్రాలు. అవేమో నగరాల్లో ఫిల్మ్ క్లబ్బులకు, పొదుపు మీదా మరుగుదొడ్ల మీదా తీసిన పాఠాలేమో పల్లెకు! ఈ పంపకం చేసిందెవరు? మబ్బు చూసి వాన చెప్పే స్త్రీకి, మట్టి చూసి ఏ విత్తనం వెయ్యాలో చెప్పే స్త్రీకి నేలను చూడటం రాదని తీర్పు చెప్పే అధికారం మనకెవరిచ్చారు?

అమెరికన్ దర్శకుడు జేమ్స్ బెన్నింగ్ 1999లో 'ఎల్ వ్యాలీ సెంట్రో' తీశాడు. కాలిఫోర్నియా మధ్య లోయకు సంబంధించిన 35 దృశ్యాలు, ఒక్కొక్కటి రెండున్నర నిమిషాలు. కెమెరా కదలదు. చివర్లో ఆ స్థలాలు ఎక్కడివో, ఎవరి సొత్తో వరసగా తెర మీద అక్షరాల్లో వస్తాయి. అంతసేపూ ప్రకృతి అనుకుని చూసింది ఒకరి ఆస్తి అని అప్పుడు తేలుతుంది. అందాన్ని మాత్రమే మెచ్చుకునే సినిమా పండితులకు ఆ జాబితా పట్టదు. మనకు పట్టాలి. నాట్లు, కలుపు, కోత స్త్రీలవి. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిస్తూ 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినా, పట్టా మీద ఎక్కువగా మగవాడి పేరే ఉంటోంది. ఆ జాబితా చదివి వినిపిస్తే అందరికన్నా ముందు ప్రశ్న వేయగలిగేది కూలి స్త్రీయే.

దీనికి రుజువు మన దగ్గరే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత స్త్రీలు 1990లలో వీడియో కెమెరా చేతపట్టారు. పైనుంచి కిందికి చూసేదాన్ని 'పటేల్ షాట్' అన్నారు. కంటికి సమంగా చూసేదాన్ని 'సంఘం షాట్' అన్నారు. ప్రతి చూపు వెనకా ఒక అధికారం ఉంటుందని వాళ్లు రెండు మాటల్లో తేల్చేశారు. ఇలాంటివాళ్లకా సినిమా అర్థం కానిది?

తెర కట్టి బొమ్మ వేసినంత మాత్రాన అది సామూహిక ప్రదర్శన అయిపోదు. రాత్రి వంటల వేళకు వేస్తే ముందు వరసల్లో మగవాళ్లే కూర్చుంటారు. బొమ్మ అయిపోగానే మైకు అందుకుని అర్థం చెప్పేది సంస్థవాళ్లే. ఈ పద్ధతి మారాలి. చిత్రాలను ఎంపిక చేసేచోట సంఘం స్త్రీలు ఉండాలి. వేళను వాళ్లే నిర్ణయించాలి. మధ్యలో ఆపి అడిగే హక్కు, చర్చలో మొదటి మాట వాళ్లవి కావాలి. వాళ్లు తీసిన చిత్రాలూ, బెన్నింగ్ చిత్రమూ ఒకే తెర మీద, ఒకే గౌరవంతో ఆడాలి.

తెర మీద పొలం కనపడగానే ఆ పొలంలో పనిచేసేవాళ్లకే దాని గురించి పాఠం చెప్పబోతాం. అది కూడా పటేల్ షాటే.