బోర్డు మారిస్తే ఫార్మాట్ కొట్టాల్సిందేనా?



మదర్‌బోర్డు పోయిందని కంప్యూటర్ని రిపేరు షాపుకు తీసుకెళ్తే, కొత్త బోర్డు ధరతో పాటే వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టాలి సార్’. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఆ మాటకు అర్థముంది. డిస్క్ కంట్రోలర్ మారితే నీలితెర పడి అక్కడే ఆగిపోయేది. విండోస్ 10, 11 అంత మొండివి కావు. పాత డిస్కునే కొత్త బోర్డుకు తగిలించి ఆన్ చేస్తే, ‘గెటింగ్ డివైసెస్ రెడీ’ అంటూ కాసేపు తంటాలు పడి చాలాసార్లు డెస్క్‌టాప్ దాకా వచ్చేస్తాయి. బయాస్‌లో బూట్ మోడ్, సాటా మోడ్ పాత బోర్డులో ఉన్నట్టే పెట్టాలి. ఆపైన చిప్‌సెట్, సౌండ్, లాన్ డ్రైవర్లు వేసుకుంటే సరి. లాన్ డ్రైవరు మాత్రం ముందే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి, లేకపోతే నెట్ రాదు, మిగతావి దిగవు. ఇంత చేసినా బూట్ కాకపోతే అప్పుడు ఫార్మాట్ మాటెత్తండి, అదీ డేటా కాపీ తీశాక.

ఫార్మాట్ కొట్టాక ‘డి డ్రైవ్ ముట్టుకోలేదు సార్’ అని షాపువాళ్ళు భరోసా ఇస్తారు. కానీ మా డీటీపీ సెంటర్లో డెస్క్‌టాప్ మీదున్న పెళ్ళికార్డుల ప్రూఫులు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ సెట్టింగులు అన్నీ సి డ్రైవ్‌లోవే. ముహూర్తాల సీజన్లో అవి పోతే పార్టీకి ఏం చెప్పాలి?

ఇంకా ఘోరం, డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ సంగతి. చాలా లాప్‌టాపుల్లో ఇది మనం అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చూసి ‘హార్డ్‌డిస్క్ పోయింది’ అని తుడిచేసేవాళ్ళున్నారు! ఆ కీ సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. తుడిచేశాక కీ దొరికినా ఏం లాభం?

లైసెన్సు విషయంలోనూ దాపరికమే. విడిగా కొన్న రిటైల్ విండోస్‌ను కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. 2016 నుంచి దాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసుకునే వీలుంది, హార్డ్‌వేర్ మారిందని చెప్పి మళ్ళీ యాక్టివేట్ చేసుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది, వారంటీలో కంపెనీయే బోర్డు మారిస్తే తప్ప. ఈ తేడా చెప్పకుండా యాంటీవైరస్ ఆపేసి క్రాక్ కాపీ ఎక్కించి, బిల్లులో ‘సాఫ్ట్‌వేర్ చార్జీలు’ అని రాస్తే అడిగేదెవరు?

షాపువాళ్ళ ఇబ్బంది నాకు తెలియంది కాదు. ఫార్మాట్ అంటే ఎంతసేపు పడుతుందో తెలిసిన పని, డ్రైవరు గొడవ ఎక్కడ తేలుతుందో తెలియదు. అయితే ఆ శ్రమకు వేరే చార్జీ వేయండి, ఇస్తాం. ఫార్మాట్ చేసే ముందు మాత్రం జాబ్‌షీట్ మీద మా సంతకం తీసుకోండి. ఏ విండోస్ వేశారో, దానికి లైసెన్సు ఉందో లేదో బిల్లు మీద రాయండి.

– ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, తెనాలి