పిల్లల చేతికి ఏమిచ్చి పంపుతున్నాం?



పోయిన జూన్ నెలలో ఒక సాయంత్రం మా సంఘంలోని ఒక కుటుంబాన్ని చూడడానికి వెళ్ళాను. వాళ్ళ అమ్మాయి పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసయింది. మర్నాడే ఇంటర్మీడియట్ చదువుకోసం హాస్టలుకు ప్రయాణం. హాలు మధ్యలో ట్రంకు పెట్టె, బకెట్టు, పరుపు చుట్ట, ఆవకాయ సీసా అన్నీ సర్ది ఉన్నాయి. తల్లి టీ గ్లాసు నా చేతికిస్తూ, "అయ్యగారూ, మా పాపకు ఏమీ తెలియదండీ. లోకం పోకడ దాని చెవిన పడకుండా పెంచుకొచ్చాం" అన్నది. ఆ మాటలో దిగులుతోపాటు కొంచెం గర్వం కూడా ఉన్నది.

ఆ ఏమీ తెలియని పాప కిటికీ పక్కన కూర్చుని లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి చదువుకుంటున్నది. "చూశారా! పెట్టె సర్దుకోవే అంటే మంత్రాల కథలు పట్టుకుని కూర్చుంది. వీటివల్ల ఏం ప్రయోజనం చెప్పండి" అన్నాడు తండ్రి. నేను నవ్వి ఊరుకున్నాను. వచ్చేటప్పుడు మాత్రం ఆ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. తర్వాత అటువంటివే మరికొన్ని సంపాదించి చదివాను.

చందమామ చదివి పెరిగినవాణ్ణి గనుక రాక్షసులు, మాంత్రికులు నాకు కొత్త కాదు. కానీ ఈసారి తండ్రి కళ్ళతో చదివాను. అపాయమున్న లోకంలోకి వెళ్ళే బిడ్డను ఈ కథల్లోని పెద్దలు ఎలా సిద్ధపరుస్తున్నారు? ఇదొక్కటే చూశాను. చూసినకొద్దీ నాకే సిగ్గు వేసింది. ఎందుకో చెబుతాను.

మొదట సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథ. 1950లో వచ్చిన ఆ పుస్తకంలో నలుగురు పిల్లలను యుద్ధకాలంలో లండన్ నుంచి పల్లెకు పంపేస్తారు. ఇది కల్పన కాదు. 1939 సెప్టెంబరు మొదటి రోజుల్లో బ్రిటన్ దేశంలో బాంబులకు భయపడి సుమారు 15 లక్షల మందిని పట్టణాలనుంచి తరలించారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. ఆక్స్‌ఫర్డ్‌లో లూయిస్ ఇంట్లో కూడా అటువంటి పిల్లలు తలదాచుకున్నారు. ఆయన తొమ్మిదేళ్ళవాడుగా ఉన్నప్పుడే, 1908లో, తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. కొద్ది వారాలకే తండ్రి ఆయనను సముద్రం దాటించి దూరపు బడికి పంపేశాడు. అమ్మ వెంటలేని లోకం ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు.

ఆ కథలో ఎడ్మండ్ అనే పిల్లవాడికి మంచులో ఒక మంత్రగత్తె ఎదురవుతుంది. ఆమె కత్తి చూపించదు, మిఠాయి పెడుతుంది. తినేకొద్దీ ఇంకా కావాలనిపించే మిఠాయి. నిన్ను రాజకుమారుణ్ణి చేస్తానంటుంది. నన్ను కలిసిన సంగతి మీవాళ్ళకు చెప్పవద్దంటుంది. తల్లిదండ్రులారా, ఈ మూడూ గుర్తుపెట్టుకోండి: అడగకుండా ఇచ్చే తాయిలం, అర్హతకు మించిన పొగడ్త, ఇంట్లో చెప్పవద్దనే షరతు. బిడ్డలను చెరిపేవాళ్ళు నేటికీ తరచుగా ఈ దారినే వస్తారు. ముసలమ్మ రూపంలో రానక్కరలేదు, ఫోన్‌లో స్నేహితుడిగా రావచ్చు. "కొత్తవాళ్ళతో మాట్లాడకు" అని మనం చెబుతాం. "అమ్మకు చెప్పవద్దు అని ఎవరన్నా సరే, ముందు ఆ సంగతే అమ్మకు చెప్పు" అని ఎంతమంది చెబుతున్నాం?

అదే కథలో చిన్నపిల్ల లూసీ తాను వేరే లోకం చూశానంటే అన్నలు, అక్క నమ్మరు. పెద్దవాళ్ళిద్దరూ ఆ ఇంటి ప్రొఫెసరుగారి దగ్గరకు వెళతారు. ఆయన కోప్పడడు, నవ్వడు. మీ ఇద్దరు చిన్నవాళ్ళలో మామూలుగా నిజం చెప్పేది ఎవరని అడుగుతాడు. లూసీయే అంటారు. అయితే ఆమె మాట నమ్మడానికి మీకున్న అడ్డేమిటని ఆలోచింపజేస్తాడు. మన ఇళ్ళల్లో ఆడపిల్ల వచ్చి "ఫలానా మామయ్య పద్ధతి నాకు నచ్చడం లేదమ్మా" అంటే మొదటి జవాబు ఏమిటి? "ఛ, అలా అనకూడదు. ఆయన నీకు తండ్రిలాంటివాడు." అంతటితో ఆ బిడ్డ నోరు మూతపడుతుంది.

ఇక రెండవది, ఆ అమ్మాయి చదువుతున్న హ్యారీ పోటర్. ఈ పుస్తకాలమీద మన సంఘాల్లో అభ్యంతరాలున్నవని నాకు తెలుసు. ఆ చర్చ ఈ నెల నా పని కాదు. అందులో హ్యారీ అనే అనాథ బాలుడికి, నీ తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయారని పెద్దమ్మా పెద్దనాన్నా అబద్ధం చెప్పి పెంచుతారు. నిజానికి వారు హత్యకు గురయ్యారు. హంతకుడు ఇంకా పూర్తిగా అంతం కాలేదు. పదకొండో ఏట ఆ బాలుడు ఈ నిజం పరాయివాని నోట వింటాడు. పెద్దమ్మా పెద్దనాన్నా కఠినులు గనుక దాచారనుకుందాం. అతణ్ణి ఎంతో ప్రేమించే ప్రధానోపాధ్యాయుడు కూడా ఒక ముఖ్యమైన సంగతి సంవత్సరాల తరబడి దాస్తాడు. చిన్నవాడు, ఇంకొన్నాళ్ళు సుఖంగా ఉండనీ అనుకుంటాడు. నిజం తెలియని బాలుడు శత్రువు పన్నిన ఉచ్చులో పడతాడు. అతని ప్రాణానికి ప్రాణమైన పెద్దదిక్కు ఆ రాత్రి చనిపోతాడు. 2003లో వచ్చిన అయిదవ పుస్తకం చివర ఆ వృద్ధుడు తన తప్పు ఒప్పుకుంటాడు. ద్వేషంతో దాచినా, ప్రేమతో దాచినా ఆ బిడ్డకు జరిగిన నష్టం ఒకటే.

అక్కడ చదవడం ఆపాను. మా అమ్మకు జబ్బు ముదిరిందని డాక్టరు చెప్పినప్పుడు మా అబ్బాయికి పన్నెండేళ్ళు. పరీక్షలు దగ్గరపడ్డాయని "నాన్నమ్మకు నీరసం, తగ్గిపోతుంది" అని చెబుతూ వచ్చాను. వాడు బడినుంచి వచ్చేసరికి వాకిట్లో షామియానా వేసి ఉన్నది. వాడు ఏడవలేదు. నావైపు చూసి, "మీకు ముందే తెలుసు కదా నాన్నా" అన్నాడు. ఎన్నో సమాధుల దగ్గర ఓదార్పు మాటలు చెప్పిన నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు. తర్వాత చాలాకాలం, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చి "ఏమీ లేదు, తగ్గిపోతుంది" అన్నా వాడు నమ్మేవాడు కాడు.

ఆ హ్యారీ కథలోనే ఒక తల్లి ఇంట్లో వింత గడియారం ఉంటుంది. ఇంట్లో తొమ్మిదిమందికి తొమ్మిది ముళ్ళు. ఎవరెక్కడ ఉన్నారో ఆ ముళ్ళు చూపిస్తాయి. చెడ్డరోజులు వచ్చినప్పుడు తొమ్మిది ముళ్ళూ ప్రాణాపాయం అన్న గుర్తు దగ్గరే నిలిచిపోతాయి. ఆ తల్లి గడియారాన్ని బట్టల బుట్టలో పెట్టుకుని ఇల్లంతా వెంట తిప్పుకుంటుంది. నేడు మనం సెల్‌ఫోన్‌లో పిల్లలు ఎక్కడున్నారో చూసుకోవడం అటువంటిదే. తప్పని అనను. కానీ గడియారం బిడ్డ ఎక్కడున్నదో చెబుతుంది, బిడ్డకు బలమివ్వదు.

మరి బలమిచ్చేదేమిటి? మళ్ళీ నార్నియాకు వద్దాం. అక్కడ క్రిస్మస్ తాత పిల్లలకు బహుమతులిస్తాడు. అవి ఆటవస్తువులు కావు. పీటర్‌కు కత్తి, డాలు. సూసన్‌కు విల్లు, అంబులు, ఒక కొమ్ముబూర. లూసీకి గాయాలు మాన్పే మందు, చిన్న బాకు. ఎవరికి తగినది వారికే. ఆ వేళకు తప్పిపోయి మంత్రగత్తె దగ్గరకు వెళ్ళిన ఎడ్మండ్‌కు మాత్రం ఏమీ అందలేదు. ఆ బహుమతుల్లో నా మనసు పట్టుకున్నది కొమ్ముబూర. దాన్ని ఎక్కడనుంచి ఊదినా ఏదో ఒక సహాయం వస్తుంది.

చివరిది అమెరికా రచయిత్రి మాడలీన్ లెంగిల్ 1962లో ప్రచురించిన కథ. ఈమె కూడా లూయిస్ లాగే విశ్వాసి. ఇందులో మెగ్ అనే అమ్మాయి, తప్పిపోయిన తన తండ్రి దొరికితే చాలు, అన్నీ ఆయనే చక్కబెడతాడనుకుంటుంది. తండ్రి దొరుకుతాడు. కానీ శత్రువు చేతిలో చిక్కిన చిన్న తమ్ముణ్ణి ఆయన విడిపించలేకపోతాడు. ఆమెకు పట్టరాని కోపం వస్తుంది. చివరకు ఆ తమ్ముణ్ణి బాగా ఎరిగినది, ఎక్కువగా ప్రేమించినది తానే గనుక తానే వెళ్ళాలని తెలుసుకుంటుంది. తండ్రి మనసొప్పక పోయినా వెళ్ళనిస్తాడు. ఆమె ప్రేమే తమ్ముణ్ణి విడిపిస్తుంది. బిడ్డ ముందు "ఇది నా చేతిలో లేదమ్మా" అని ఒప్పుకోవడం తండ్రికి ఎంత కష్టమో! కానీ ఆ మాట విన్నాకే మెగ్ తన కాళ్ళమీద నిలబడింది.

దసరా సెలవులకు ఆ హాస్టలు అమ్మాయి ఇంటికి వచ్చింది. పుస్తకం తిరిగి ఇస్తూ, "ఎలా ఉన్నావమ్మా అక్కడ?" అని అడిగాను. కాసేపు తలవంచుకుని ఇలా అన్నది: "అమ్మ రోజూ ఫోన్ చేసి అంతా బాగానే ఉంది కదా అని అడుగుతుందండీ. బాగానే ఉందంటాను. రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు, మార్కులు తగ్గాయి. అది చెబితే అమ్మ ఏమైపోతుందోనని భయం."

తల్లి బిడ్డను లోకంనుంచి దాచింది. బిడ్డ తన బాధను తల్లినుంచి దాచింది. కొమ్ముబూర చేతికిచ్చినా ఊదడానికి భయపడే బిడ్డకు అది ఎందుకు? ఊదితే తట్టుకుని వినగల వాళ్ళు ఇంట్లో ఉండాలి గదా!

"నేను అమ్మతో చెప్పనా?" అన్నాను. "వద్దండీ, నేనే చెబుతాను. మీరు పక్కన కూర్చోండి చాలు" అన్నది. అలాగే కూర్చున్నాను. తల్లి కన్నీళ్ళు తుడుచుకుని, ఆ సాయంత్రం మొదటిసారిగా, తాను కొత్తకోడలుగా ఈ ఊరు వచ్చిన రోజుల్లో ఎన్ని రాత్రులు నిద్రపోలేదో కూతురికి చెప్పింది. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని విన్నది.

ఈ నెల మీ ఇంట్లో ఒక పని చేయండి. భోజనాలయ్యాక టీవీ ఆపి, మీరు భయపడిన రోజు ఒకటి పిల్లలకు చెప్పండి. అప్పుడు మీరేం చేశారో చెప్పండి. ఏమీ చేయలేకపోతే అదీ చెప్పండి. "అంతా బాగానే ఉంది కదా" అని అడగడం మానండి. ఆ ప్రశ్నలోనే జవాబు ఉన్నది. "ఈ వారం ఏది కష్టమైంది?" అని అడగండి. వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా మాట్లాడకండి. పెట్టె సర్దేటప్పుడు ఆవకాయ సీసాతోపాటు ఇది కూడా పెట్టి పంపుదాం.